ఒకే జత బూట్లతో రిసార్టూ బ్యాక్‌కంట్రీ రెండూ నెట్టుకురావచ్చా?

చలిపులి:

నమస్తే అందరికీ. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోయే బాపతే నేను, ఈసారి మాత్రం రాయక తప్పట్లేదు. ఐదు సీజన్లుగా రిసార్ట్‌లోనే స్కీయింగ్ చేస్తున్నాను, లిఫ్ట్ ఎక్కడం, దిగడం, అంతే. పోయిన సీజన్‌లో అద్దె సామానుతో మూడుసార్లు టూరింగ్‌కి, అంటే లిఫ్టులు లేని బ్యాక్‌కంట్రీ కొండల్ని స్కీలతోనే ఎక్కి దిగడానికి, వెళ్లాను. తెల్లారకముందే స్కీల కింద వెనక్కి జారనివ్వని స్కిన్లు అంటించుకుని, తలకి లైటు కట్టుకుని, మన ఊపిరి చప్పుడు తప్ప ఇంకేం వినపడని చోట గంటల తరబడి ఎక్కి, ఎవరూ తొక్కని మంచులో పది నిమిషాలు దిగడం... ఆ పది నిమిషాల కోసం పిచ్చి పట్టేసింది. కాకపోతే మూడోసారి దిగొచ్చి బూట్లు విప్పేసరికి రెండు మడమల మీదా బొటనవేలి గోరంత చర్మం లేచిపోయి ఉంది. అద్దె బూట్లు కరుస్తాయని తెలుసు కానీ మరీ ఇంతలా అనుకోలేదు.

నా పాత ఆల్పైన్ (రిసార్ట్) బూట్లు కూడా ఇక రిటైర్ కావాల్సినవే. సైజు 27.5, ఫ్లెక్స్ (ముందుకి నొక్కితే బూటు ఎంత గట్టిగా ఎదురు తిరుగుతుందన్న అంకె) 110. కొన్న రోజు షాపులో ఇంట్లో చెప్పుల్లా హాయిగా ఉన్నాయి, ఇప్పుడు బకిల్స్ ఆఖరి పన్ను దాకా లాగినా మలుపు తిరిగేటప్పుడు మడమ లేస్తోంది. ఎలాగూ కొనాలి కాబట్టి రెంటికీ పనికొచ్చే ఒకే జత తీసుకుందామని ఉంది. సగం రిసార్ట్, సగం టూరింగ్ అనుకోండి. కానీ చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. ఒకాయన ఫ్లెక్స్ 130 లేనిదే ముట్టుకోవద్దంటాడు, ఇంకొకాయన కిలోన్నర దాటితే అది బూటు కాదు ఇటుక అంటాడు, సోల్ గురించి చదివితే ఏవో నంబర్లు తప్ప ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

నా బరువు 74 కిలోలు. పాదం ముందు భాగం వెడల్పు, మడమ సన్నం. రిసార్ట్ స్కీల మీద మామూలు ఆల్పైన్ బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచేది) ఉంది, దాని మీద గ్రిప్‌వాక్ అని రాసుంది. టూరింగ్‌కి వేరే స్కీలు, బూటు ముందు భాగాన్ని పిన్నులతో పట్టే పిన్ బైండింగ్ తీసుకునే ఆలోచన. ఎక్కడ మొదలుపెట్టాలో కాస్త చెప్పండి.

పాతబూటు:

ముందు ఒక లెక్క తేల్చుకోండి. సగం సగం అన్నారు, ఈ మాట అనకుండా ఈ ప్రశ్న అడిగినవాణ్ని నేనింతవరకూ చూడలేదు, నేనూ అన్నాను ఒకప్పుడు. ఫోన్‌లో పోయిన సీజన్ ఫొటోలు తీసి రోజులు లెక్కపెట్టండి. మీరే చెప్పారు టూరింగ్ మూడు రోజులని. రిసార్ట్ రోజులు ఇరవై ఉంటాయా? వచ్చే ఏడాది టూరింగ్ రెట్టింపు చేసినా ఆరే కదా. అంటే మీరు కొనేది దిగడానికి పనికొచ్చే బూటు, అప్పుడప్పుడు ఎక్కనిస్తే చాలు. అలా అనుకుంటే సగం గందరగోళం అక్కడికక్కడే పోతుంది.

ఇక అసలు సంగతి. మీ మడమ లేస్తోందంటే లైనర్ (బూటు లోపలి మెత్తటి తొడుగు) అణిగిపోవడం ఒక్కటే కారణం కాదు, మొదటి రోజు నుంచే ఒక సైజు పెద్దది వేసుకుంటున్నారని నా అనుమానం. షాపులో చెప్పుల్లా ఉన్న స్కీ బూటు రెండో సీజన్‌కి బకెట్ అయిపోతుంది. మోండో సైజు అంటే మరేం లేదు, పాదం పొడవు సెంటీమీటర్లలో. గోడకి మడమ ఆనించి, కాగితం మీద బరువంతా మోపి నిలబడి, పొడవాటి వేలి దగ్గర గీత గీసి కొలవండి. రెండు కాళ్లూ కొలవండి, రెండూ ఒకేలా ఉండవు. సాయంత్రం కొలిస్తే మంచిది, పొద్దుటికంటే పాదం కాస్త ఉబ్బి ఉంటుంది.

తర్వాత షాపుకి వెళ్లి బూటు చేతికిస్తే వెంటనే వేసుకోవద్దు. లైనర్ బయటికి లాగేయండి. ఉత్త షెల్‌లో (బయటి ప్లాస్టిక్ డొల్లలో) పాదం పెట్టి, వేళ్లు ముందు గోడకి తగిలీ తగలనట్టు ఉండేదాకా ముందుకి జరిపి, మోకాళ్లు కొంచెం వంచి, వెనక మడమకీ షెల్‌కీ మధ్య ఎంత సందుందో చూడమనండి. వేలు మందం నుంచి వేలున్నర, అంటే 10 నుంచి 15 మి.మీ. ఉంటే గట్టిగా స్కీ చేసేవాళ్ల ఫిట్. 20 మి.మీ. దాకా ఉంటే రోజంతా వేసుకోగల ఫిట్, ఎక్కడం కూడా ఉంది కాబట్టి మీకు 15కీ 20కీ మధ్య ఎక్కడైనా పర్లేదు. 25 దాటిందంటే ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి. ఒక చిట్కా, చాలా కంపెనీలు ఒక పూర్తి సైజుకీ దాని పక్కనున్న అర సైజుకీ కలిపి ఒకే షెల్ పోస్తాయి, తేడా అంతా లోపలి ఇన్‌సోల్‌లోనో లైనర్‌లోనో. కాబట్టి షాపువాడు 26 బదులు 26.5 తెచ్చి ఇది వదులుగా ఉంటుంది చూడండి అంటే తొందరపడి మురిసిపోవద్దు.

లైనర్ పెట్టాక ఒక్కటే పల్చటి సాక్స్‌తో వేసుకుని నిటారుగా నిలబడితే వేళ్లు ముందుకి తగలాలి. అయ్యో ఇరుకు అనిపిస్తుంది, అప్పుడే భయపడకండి. బకిల్స్ పెట్టి, మడమ నేలకి రెండుసార్లు తట్టి, మోకాళ్లు ముందుకి వంచితే మడమ వెనక్కి కూర్చుని వేళ్లు గోడని వదిలేస్తాయి. అలా వదిలితే సైజు సరిపోయినట్టే.

వెడల్పు విషయానికొస్తే, లాస్ట్ అని మి.మీ.లలో రాస్తారు, మామూలుగా 26.5 సైజులో పాదం ముందు భాగం వెడల్పు అది. 98 అంటే ఇరుకు, 100 మధ్యస్థం, 102 దాటితే వెడల్పు. ఒకే కంపెనీలో రెండు రకాలూ దొరుకుతాయి, అటామిక్ హాక్స్ అల్ట్రా ఎక్స్‌టీడీ 98, హాక్స్ ప్రైమ్ ఎక్స్‌టీడీ 100. మీలాంటి పాదానికి మడమ పట్టు చూసి బూటు ఎంచుకోండి, ముందు వెడల్పు చూసి కాదు. ముందు భాగం ఇరుకైతే బూట్ ఫిట్టర్ వేడి చేసి ఉబ్బించగలడు. వదులైన మడమని బిగించే మంత్రం ఎవరి దగ్గరా లేదు, లోపల నురుగు ముక్కలు అంటిస్తారు, నెలలో అవీ అణిగిపోతాయి.

ఎక్కుడేగానీ:

పాతబూటు గారు ఫిట్ గురించి చెప్పిందాంట్లో ఒక్క అక్షరం కూడా కాదనను కానీ ఆ రోజుల లెక్క మాత్రం ఒప్పుకోను. రోజులు కాదండీ, గంటలు లెక్కపెట్టాలి. రిసార్ట్ రోజు మీరు సగంసేపు లిఫ్ట్‌లో కూర్చునే ఉంటారు. టూరింగ్ రోజు ఐదు గంటలు ఎక్కితే అరగంట దిగుతారు. ఆ ఐదు గంటలూ బూటు మీ కాలికి అడ్డం పడుతుంటే ఏమవుతుందో నాకు తెలుసు, రెండుసార్లు వెళ్లి మూడోసారి ఏదో వంక చెప్పి మానేస్తారు, మీ మూడు రోజులు ఎప్పటికీ పది కావు. నేను మొదటి రెండేళ్లు చేసింది అదే.

బరువులు చూడండి. మామూలు ఆల్పైన్ బూటు ఒక్కోటి రెండు కిలోలు, ఆపైన. రెండు పనులకీ అని అమ్మేవి కిలోన్నర నుంచి కిలో తొమ్మిది వందల దాకా. అచ్చంగా టూరింగ్‌వి 1,000 నుంచి 1,400 గ్రాములు. రేసుల వాళ్లవి కిలో లోపే. ఇవాళ్రేపు 1,300 గ్రాముల్లో కూడా బాగానే దిగగలిగే బూట్లున్నాయి, టెక్నికా జీరో జీ టూర్ ప్రో దాదాపు 1,300 గ్రాములు అని చెప్పి ఫ్లెక్స్ 130 రాస్తారు, నేను దాంతోనే రిసార్ట్‌లో కూడా తిరుగుతాను.

బరువు కంటే ముఖ్యం ఇంకోటుంది, వాక్ మోడ్‌లో, అంటే నడవడానికి లాక్ తీసినప్పుడు, కఫ్ (పిక్కని పట్టి ఉండే పై భాగం) ఎంత తేలిగ్గా కదులుతుందన్నది. పెట్టె మీద 50 డిగ్రీలు, 60 డిగ్రీలు అని రాస్తారు, ఆ అంకె ఒక్కదాన్నీ నమ్మకండి. షాపులోనే లివర్ తీసి, పై బకిల్స్ వదిలేసి, కాలు వెనక్కి ఊపి చూడండి. వెనక్కి వెళ్లేటప్పుడు పిక్కకి ఏదో గోడ తగిలినట్టు ఆగిపోతే ఆ బూటుతో చదును దారిలో గంట నడవలేరు. ముందుకి వంగేది అన్ని బూట్లలోనూ ఎంతోకొంత బాగానే ఉంటుంది, తేలేది వెనక్కి వెళ్లే దగ్గరే.

మీ మడమల గొడవకి కూడా ఒక మాట. ఎక్కేటప్పుడు అన్ని బకిల్సూ వదిలేశారా? చాలామంది అదే చేస్తారు. పైవి వదలండి, పాదం మెడ మీద ఉండే బకిల్ మాత్రం మడమని వెనక్కి పట్టి ఉంచేంత బిగించండి, లేకపోతే ప్రతి అడుగుకీ మడమ లైనర్‌కి రాసుకుంటూనే ఉంటుంది, వెయ్యి మీటర్లు ఎక్కేసరికి అది వేల సార్లు. టేపు ముందే వేసుకోవాలి, మండటం మొదలయ్యాక వేసుకుంటే కట్టు కట్టినట్టే తప్ప లాభం లేదు.

మడమశూల:

నేను ఎక్కుడేగానీ గారి మాట విని (అంటే వారి మాట కాదు, అలాంటి ఇంకొకరి మాట) ఒక సీజన్ మొత్తం 1,300 గ్రాముల బూటుతో రిసార్ట్‌లో తిరిగినవాణ్ని. మెత్తటి మంచు పడ్డ రోజు స్వర్గం, ఎవరూ కాదనరు. కానీ రాత్రి గడ్డకట్టి పొద్దున్నే ఇనుప రేకులా ఉన్న పిస్ట్ (రిసార్ట్‌లో చదును చేసిన దారి) మీద దిగి చూడండి. అంత తేలిక బూట్లు గ్రిలమిడ్ అనే నైలాన్ రకంతో చేస్తారు, గట్టిగా ఉంటుంది కానీ అదురుని మింగదు. ఆల్పైన్ బూట్లలో వాడే పాలీయూరిథేన్ బరువుగా ఉన్నా ఆ గరగరని తనలోనే ఇముడ్చుకుంటుంది. నా విషయంలో ఆ గరగరంతా మోకాలి కింద ముందు ఎముక మీదే తేలింది. ఆ సీజన్ మధ్యకొచ్చేసరికి రెండు కాళ్ల ముందు ఎముకల మీదా నీలం మచ్చలు, మెట్లు దిగాలన్నా మూలుగే.

ఇక ఫ్లెక్స్ 130 అని రాసినంత మాత్రాన 130 అయిపోదు బ్రదర్. ఈ అంకెకి కంపెనీలన్నింటికీ కలిపి ఒక ప్రమాణం అంటూ ఏదీ లేదు, ఎవరి కొలత వాళ్లది. ఒకే కంపెనీలో తేలిక బూటు 130కీ బరువు బూటు 130కీ కూడా పోలిక ఉండదు. తేలికది కాసేపు అస్సలు వంగదు, తర్వాత ఒక్కసారిగా లొంగిపోతుంది. బరువుది నొక్కేకొద్దీ నెమ్మదిగా ఎదురు తిరుగుతుంది, మీకు కావాల్సింది అది. 74 కిలోలకి మంచి 110, 120 సరిపోతుంది, 130 కోసం ప్రాణం పెట్టక్కర్లేదు. షాపు వెచ్చదనంలో మెత్తగా ఉన్న ప్లాస్టిక్ కొండ మీద చలికి గట్టిపడుతుందని కూడా గుర్తుపెట్టుకోండి.

ఇంకా నేను పోగొట్టుకున్నవి చెప్పనా. ఆ బూట్ల రబ్బరు సోల్ కార్ పార్కింగ్‌లోనూ కేఫ్ మెట్ల మీదా తిరిగి తిరిగి సీజన్ చివరికి ముందు భాగంలో నున్నగా అయిపోయింది. లైనర్ పల్చనిది, ఇరవై రోజులకే అణిగిపోయింది. అంటే టూరింగ్ కోసం దాచుకోవాల్సిన బూటుని లిఫ్ట్ కింద అరగదీశాను. రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏదో ఒకటి జారుతుంది, నాకు రెండూ జారాయి. ఇప్పుడు నా దగ్గర రెండు జతలు. మీరు ఒకటే కొంటానంటే కిలో ఆరేడు వందల గ్రాముల దగ్గర వెతకండి. నాకు తెలిసినాయన ఒకడు ఒకే షెల్‌కి రెండు లైనర్లు పెట్టుకున్నాడు, రిసార్ట్‌కి మందంగా బిర్రుగా ఉండేది, టూరింగ్‌కి పల్చటిది. పైన ఉండే స్ట్రాప్ కూడా మార్చి సాగే రకం వేసుకున్నాడు. ఇది బాగానే పనిచేస్తుంది, పొద్దున్నే లైనర్ మార్చే ఓపిక ఉంటే.

చలిపులి:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. ఫొటోలు లెక్కపెట్టాను. రిసార్ట్ 22, టూరింగ్ 3. సగం సగం మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పాదాలు కొలిచాను, ఎడమది 26.3, కుడిది 26.1. ఐదేళ్లు 27.5 వేసుకుని తిరిగానన్నమాట. ఊరికే అడుగుతున్నా, అమ్మినాయన పాదం కొలవకుండా ఒకసారి అలా చూసి తీసిచ్చాడు, అందరూ ఇలాగే కొంటారా లేక నేనొక్కణ్నే వెర్రివాణ్నా?

అసలు ప్రశ్న ఇది. ఒక షాపులో బూటు నచ్చింది, దాని సోల్ మొత్తం రబ్బరు, ముందు వంపు తిరిగి ఉంది. నా రిసార్ట్ బైండింగ్‌లో పెట్టి చూస్తే ఠక్ మని పట్టింది. పట్టింది కదా వాడుకోవచ్చా? అక్కడి కుర్రాడు ఏం కాదన్నాడు.

పిన్నుపిచ్చి:

వాడుకోకూడదు. పట్టడం వేరు, వదలడం వేరు. బైండింగ్ పని పట్టుకోవడం సగమే, పడ్డప్పుడు సరైన సమయానికి వదిలేయడం మిగతా సగం. ముందు భాగం కింద ఒక జారుడు పలక ఉంటుంది చూశారా, కాలు మెలిపడ్డప్పుడు బూటు ముందు భాగం దాని మీద పక్కకి జారి బయటికి రావాలి. అక్కడ మెత్తటి రబ్బరు నొక్కుకుని కూర్చుంటే జారదు, ఆ మెలి మొత్తం మోకాలు మోస్తుంది. ఏం కాదన్న కుర్రాడి మోకాలు కాదు కదా అది.

ఆ నంబర్లు అంత కష్టమేం కాదు, ఒక్కసారి పట్టుకుంటే మర్చిపోరు. పాత ఆల్పైన్ సోల్, గట్టి ప్లాస్టిక్, చదునుగా ఉంటుంది, దానిది ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణం) 5355. టూరింగ్ సోల్, రబ్బరు, వంపు, ముందు మందం, దానిది ఐఎస్ఓ 9523. మీరు చూసింది ఇదే అయ్యుంటుంది. ఈ రెంటికీ మధ్యలో వచ్చింది గ్రిప్‌వాక్, ఐఎస్ఓ 23223. నడవడానికి కాస్త వంపు, రబ్బరు ఉంటాయి, కానీ బైండింగ్ పలక తగిలే చోట మాత్రం గట్టి చదును ముక్క పెడతారు. మీ బైండింగ్ మీద గ్రిప్‌వాక్ అని రాసుంది కాబట్టి అందులో 5355 వెళ్తుంది, 23223 వెళ్తుంది, 9523 వెళ్లదు. అన్నీ పట్టే బైండింగ్‌లు వేరే ఉన్నాయి, వాటి మీద ఎంఎన్‌సీ అనో అలాంటిదేదో స్పష్టంగా రాసుంటుంది. 5355 నుంచి గ్రిప్‌వాక్‌కి మారినప్పుడు కొన్ని బైండింగ్‌లలో ముందు భాగం ఎత్తు సరిచేయాలి, కొన్ని వాటంతటవే సర్దుకుంటాయి. ఏదైనా సరే టెక్నీషియన్‌తో ఒకసారి చూపించండి. ఇంకా తేలిక టూరింగ్ బూట్లలో కొన్నింటికి ముందు అంచే ఉండదు, ఏ ప్రమాణానికీ లోబడవు, వాటికి పిన్ బైండింగ్ తప్ప వేరే గతి లేదు.

అంటే మీ చీటీ ఇలా రాసుకోండి: గ్రిప్‌వాక్ సోల్ ఉండాలి, టెక్ ఇన్సర్ట్‌లు కూడా ఉండాలి. ఇన్సర్ట్‌లు అంటే బూటు ముందు రెండు పక్కలా చిన్న ఉక్కు గుంటలు, మడమ దగ్గర ఉక్కు గాడి. 1980లలో ఆస్ట్రియాకి చెందిన ఫ్రిట్జ్ బార్తెల్ కనిపెట్టిన పద్ధతి, తర్వాత డైనాఫిట్ దాన్ని జనంలోకి తీసుకెళ్లింది, ఇప్పుడు టూరింగ్ అంటేనే ఇది. వెనక వాక్ మోడ్ లివర్ ఉంది కదా అని ఇన్సర్ట్‌లు ఉంటాయనుకోవద్దు, లివర్ ఉండి గుంటలు లేని బూట్లు బోలెడు, అవి పార్కింగ్ దాకా నడవడానికే. బూటు తిప్పి కళ్లతో చూసుకోండి.

పిన్ బైండింగ్ మీద రోజూ రిసార్ట్ చేద్దామనే ఆలోచన వస్తే మానుకోండి. పాత తరహా వాటిలో పక్కకి వదిలేది ముందు కాదు, మడమ దగ్గర. ఆల్పైన్ బైండింగ్‌లా కొంచెం సాగి మళ్లీ వెనక్కి తెచ్చుకునే గుణం వాటికి తక్కువ. ఎక్కేటప్పుడు ముందు లివర్ లాక్ చేస్తాం కదా, దిగేముందు అది తీయడం మర్చిపోతే వదిలే పనే పెట్టుకోదు. ఒకే స్కీతో రెండూ చేయాలంటే 2018లో వచ్చిన సాలమన్ షిఫ్ట్ లాంటివి ఉన్నాయి, ఎక్కేటప్పుడు పిన్ను, దిగేటప్పుడు ఆల్పైన్ ముక్కు. బరువు ఎక్కువ, కానీ మీలా కాకుండా ఒకే జత స్కీలతో సరిపెట్టుకోవాల్సినవాళ్లకి అది మంచి దారి.

చివరగా, బూటు మడమ పక్కన 300 చిల్లర మి.మీ. అంకె ఒకటి ఉంటుంది, సోల్ పొడవు. 27.5 నుంచి 26.5కి వస్తున్నారు కాబట్టి అది మారుతుంది. బైండింగ్ ముందుకి వెనక్కి జరపాలి, వదిలే బలం లెక్కలో కూడా ఆ పొడవు ఉంటుంది, కాబట్టి అదీ మళ్లీ సెట్ చేయించాలి. టూరింగ్ స్కీలకి రంధ్రాలు వేయించేది బూట్లు కొన్నాకే, ముందు కాదు.

నిదానం:

పైనున్నవాళ్లు అన్నీ చెప్పేశారు, కొన్నాక జరిగేది ఒకటి చెప్తాను. ఆ ఉక్కు గుంటలున్నాయే, వాటిలో మంచు దూరుతుంది. ఒకసారి శిఖరం కింద స్కీలు భుజాన వేసుకుని బూట్లతో ఓ పావుగంట ఎక్కాను. పైకెళ్లి స్కీ పెట్టుకున్నాను, చప్పుడు సరిగ్గానే వచ్చింది, మూడో మలుపులో ఎడమ స్కీ ఊడి నాకంటే ముందు బయల్దేరింది. ఒక చెట్టు మొదట్లో ఆగింది కాబట్టి సరిపోయింది. తీసి చూస్తే గుంటలో గింజంత ఐసు, పిన్ను సగమే దిగింది. అప్పట్నుంచి పెట్టుకునే ముందు గుంటలని కర్ర మొనతో గీకుతాను, ముందు భాగం పట్టాక మడమ పైకి కిందకి నాలుగైదుసార్లు ఊపుతాను, మిగిలిన ఐసు ఉంటే పిన్నే నూరేస్తుంది. కఫ్ వెనకాల వాక్ మోడ్ లాక్‌లో కూడా ఇదే గొడవ, మంచు ఇరుక్కుంటే లాక్ పడినట్టే కనిపిస్తుంది, పడదు. దిగేముందు ఒకసారి వెనక్కి వాలి చూసుకోండి.

ఇంకోటి, అడక్కపోయినా చెప్తున్నా. బీకన్ (మంచులో కూరుకుపోయినవాళ్ల జాడ పట్టే పరికరం), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), వాటిని వాడటం నేర్పే శిక్షణ, ఇవి బూట్ల కంటే ముందు. ఉన్నాయనే అనుకుంటున్నాను.

చలిపులి:

మూడూ ఉన్నాయి నిదానం గారూ, మొదటి కోర్సు కూడా అయ్యింది, రెండోది ఈ సీజన్‌లో.

ఇవాళ వేరే షాపుకి వెళ్లాను, కొలిచేవాళ్లు ఉన్న చోటికి. మూడు బూట్లు చూశాను. 98 లాస్ట్‌ది మడమని భలే పట్టుకుంది కానీ పది నిమిషాలకే పాదం ముందు సగం మొద్దుబారింది. 102ది వేసుకోగానే హాయి, అదే పాత హాయి, లైనర్ తీసి చూస్తే వెనక 24 మి.మీ. సందు. మధ్యలోది 100 లాస్ట్, 26.5, ఒక్కోటి 1,650 గ్రాములు, గ్రిప్‌వాక్ సోల్, ముందు వెనక ఇన్సర్ట్‌లు, ఫ్లెక్స్ 120 అని రాసుంది. షెల్‌లో సందు ఎడమకాలికి 16, కుడికాలికి 18. నిలబడితే వేళ్లు తగిలాయి, మోకాళ్లు వంచితే వదిలాయి, పాతబూటు గారు చెప్పింది అచ్చం అలాగే. ఎక్కుడేగానీ గారు చెప్పినట్టు కాలు వెనక్కి ఊపి చూశాను, చాలా దూరం వెళ్లి మెత్తగా ఆగింది. కొనేశాను.

ఒక్క చిక్కు. ఎడమ చిటికెనవేలి వెనక, పాదం పక్కన ఎముక ఉబ్బెత్తుగా ఉంటుంది కదా, సరిగ్గా అక్కడ నొక్కుతోంది. ఇప్పుడే ఉబ్బింపించనా?

ఎక్కుడేగానీ:

1,650! నేను ఓడిపోయాను, కానీ వెనక్కి ఊపి చూశారు కాబట్టి క్షమించాను. 😀

పాతబూటు:

ఇప్పుడే వద్దు. ముందు లైనర్‌ని వేడి చేసి మీ పాదానికి పోయించుకోండి, పోసేటప్పుడు ఆ ఎముక మీద చిన్న నురుగు ముక్క అంటించమని చెప్పండి, అక్కడ కాస్త చోటు మిగులుతుంది. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఇంట్లో అరగంట వేసుకుని తిరగండి. ఐదారు రోజులు మంచు మీద తిప్పాక కూడా అక్కడే నొక్కుతుంటే అప్పుడు ఫిట్టర్ దగ్గరికి. వెళ్లేముందు ఎముక మీద లిప్‌స్టిక్ కొంచెం రాసి ఉత్త షెల్‌లో పాదం పెడితే ఎక్కడ తగులుతోందో ప్లాస్టిక్ మీదే ముద్ర పడుతుంది, వేలితో ఇక్కడ అక్కడ అని చూపించే పని ఉండదు. మీ షెల్ ఏ ప్లాస్టికో అడిగి తెలుసుకోండి. పాలీయూరిథేన్ అయితే ఫిట్టర్ మాట వింటుంది, గ్రిలమిడ్ అయితే ఉబ్బించినా మళ్లీ వెనక్కి రావాలని చూస్తుంది, అలవాటున్న చెయ్యి కావాలి. ముందే తొందరపడి ఉబ్బించేస్తే, లైనర్ అణిగాక అక్కడ అనవసరంగా వదులైపోతుంది.

అన్నట్టు ఆ పాత 27.5 ఇంకా ఇంట్లో ఉంటే ఎవరికైనా ఇచ్చేయండి, ఎదురుగా ఉంటే మనసు అటే లాగుతుంది.

చలిపులి:

ఇచ్చేశాను, పాదం నిజంగానే 27.5 ఉన్నాయనకే, కొలిచి మరీ. ఇప్పుడు కొత్త బూట్లు వేసుకునే కూర్చుని ఇది రాస్తున్నాను, నలభై నిమిషాలైంది. కుడికాలు ఊరుకుంది, ఎడమ చిటికెనవేలు మాత్రం ఇంకా తిడుతూనే ఉంది.

పాతబూటు:

తిట్టనివ్వండి. మొద్దుబారితే మాత్రం విప్పేయండి.